‘అందరూ ఇన్‌క్లూడెడ్’ అన్న పిలుపు

‘ఇన్‌క్లూడింగ్’ అనే ఇంగ్లీషు మాట నన్ను ఒకసారి సింగపూరు పంపించింది. కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్ దగ్గర, ఓడలకి సరుకు ఎక్కించే ఆఫీసులో గుమస్తాగా చేరిన కొత్తలో, జాబితా చివర పొరపాటున ‘గుమస్తాతో సహా’ అనే అర్థం వచ్చేలా ఆ మాట గిలికేశాను. క్రేను నడిపేవాడు కాగితంలో ఉన్నది తు.చ. తప్పని మనిషి. జనపనార మూటలతో పాటు నన్నూ ఎత్తి ఓడలో దింపేశాడు. ఈ కథ మేముండే డాక్ కూలీల లైనిళ్లలో అందరికీ తెలుసు. నమ్మినవాళ్లు ఇద్దరే, అందులో ఒకణ్ణి నేను.

అసలు జరిగినది ఇంత సరదాగా లేదు. శుక్రవారం ఒకరోజు, సోమవారం ఒకరోజు సెలవు అడిగితే, మా హెడ్‌గుమస్తా పెద్దబాబు ‘బోత్ డేస్ ఇన్‌క్లూసివ్’ అని రాసి, మధ్యలో ఉన్న శనాదివారాలు కూడా కోసేశాడు. కలుపుకుంటానంటూ చెయ్యి చాచి నా ఆదివారాన్ని జేబులో వేసుకున్న మాట అది. అప్పటినుంచీ దాన్ని చూస్తే నాకు అనుమానమే.

మా అక్క కూతురికి మాత్రం ఆ మాటంటే ప్రాణం. న్యూ టౌన్‌లో ఉద్యోగం. వాళ్ల ఆఫీసు గోడ మీద రంగురంగుల చేతుల బొమ్మ వేసి, కింద ‘ఇన్‌క్లూజన్’ అని ఇంత లావు అక్షరాలతో రాశారట. నేను వెక్కిరించాను. “మరి మీ ఇంటి ఓనరు ‘ఆల్ ఇన్‌క్లూసివ్’ అని అద్దెకిచ్చి, తీరా చేరాక నీళ్లు అందులో లేవన్నాడు కదే?” అన్నాను. అది నవ్వలేదు. స్కూల్లో దాన్ని మద్రాసీ అని ఆటలోకి రానిచ్చేవారు కాదు. గోడ మీద బొమ్మయినా సరే, రమ్మన్న చెయ్యి దానికి చిన్న విషయం కాదు.

ఆ పిల్లకి పోయిన శీతాకాలంలో పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు బెంగాలీ అబ్బాయి. మా పిల్లకి తెలుగు మాట్లాడ్డమే గానీ రాయడం రాదు కాబట్టి, లైను వాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెళ్లి పిలుపు ఇంగ్లీషులోనే పెట్టింది. పిల్లలు, ముసలివాళ్లు, ఇరుగుపొరుగు, అందరూ ఇన్‌క్లూడెడ్ అని. కింద ఎర్ర గుండెకాయలు నాలుగు.

మా వరసలోనే ఒక పెద్దమ్మ ఉంది. చుట్టరికం లేదు. శ్రీకాకుళం నుంచి మా నాన్నా, ఆవిడ పెనిమిటీ ఒకే రైల్లో వచ్చి ఒకే డాక్‌లో పనికి చేరారు, అంతే. కానీ మా లైనులో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి నీళ్లు ఆవిడ చాపిన కాళ్ల మీదే. నాకూ, మా అక్కకీ, మా మేనకోడలికీ. అందుకని పెళ్లిపీటల మీద కూర్చోబోయే ముందు నలుగు కూడా ఆ మామ్మ చేత్తోనే పెట్టించుకుంటానని ఆ పిల్ల పట్టు.

పెళ్లి వారంలో పడ్డాక తెలిసింది, పెద్దమ్మ రానందని.

నన్ను పంపారు. అబద్ధాలు చెప్పి ఒప్పించేవాడు ఇంటికొకడు ఉండాలి కదా. వెళ్లి, “పెద్దమ్మా, నీకోసం బంగారు అక్షరాల కార్డు వేయించాం. గంగ దాటుతుంటే పడవలోంచి జారిపోయింది,” అన్నాను.

“అదీ సింగపూరు ఎల్లిపోనాదేటి, బాబూ?” అంది, చేటలో బియ్యం ఏరుతూ.

“అందరూ రావాలని రాసింది కదా అమ్మాయి.”

“అందరూ అంటే ఎవులు? కుళాయికి నీళ్లొత్తే అందరూ వొత్తారు. పెళ్లికీ అలగే వొత్తారేటి?”

మా లైనులో పెళ్లి పిలుపంటే బొట్టు పెట్టి పిలవడం. ఇద్దరు ముత్తయిదువలు కుంకుమ గిన్నె పట్టుకుని గడప గడపకీ వెళ్లి, ఇంటావిడకి బొట్టు పెట్టి, ఇంటిల్లిపాదీ రండమ్మా అంటారు. ఎన్ని కార్డులు పంచినా, ఎన్ని మెసేజీలు పెట్టినా, బొట్టు పెట్టకపోతే పిలవనట్టే. నేను ఆ సంగతే చెప్పి, అక్క రేపోమాపో గిన్నె పట్టుకుని వస్తుందన్నాను.

పెద్దమ్మ చేట కింద పెట్టింది. “మీ పెదనాన్న పోయినకాడ్నించి ఆ గిన్నె నా గుమ్మం దాటి ఎల్లిపోతాది. పక్కింట్లో పిలుత్తుంటే ఇనబడతాది. అదే నాకు పిలుపు. నీ పెళ్లికీ అంతే.”

నా పెళ్లికి గిన్నె పట్టుకు తిరిగింది మా అమ్మా, మా అక్కా. ఆ రోజు పెద్దమ్మ వచ్చిందో లేదో నాకు గుర్తే లేదు. లేచి వచ్చేశాను.

ఫోన్ చేసి చెబితే మేనకోడలు కస్సుమంది. “మావా, ఇన్‌క్లూడెడ్ అని రాశాను కదా! ఇంకెలా రాయాలి?”

“రాసేది కాదే అది. రావాలి.”

ఆదివారం మధ్యాహ్నం క్యాబు దిగింది, జీన్స్ ప్యాంటులోనే, చేతిలో కుంకుమ గిన్నెతో. వెనకాల అక్క గొణుగుతోంది: “పెళ్లికూతురు పిలుపులకి తిరగడమేటే? మామ్మకి బొట్టేటి? తప్పే గుంటా!”

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. పిల్ల వేలికి కుంకుమ అద్దుకుని చెయ్యి ఎత్తింది. ముసలావిడ తల వెనక్కి తీసుకుంది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. అక్క నా వైపు చూసింది. నేను చెప్పుల వైపు చూశాను.

“నాకొద్దే,” అంది పెద్దమ్మ మెల్లగా. “ఆ ద్వారబంధానికెట్టు.”

పెట్టింది. పెట్టి, “మామ్మా, నిన్నే పిలుస్తున్నాను. నలుగు నువ్వే పెట్టాలి. నువ్వు రాకపోతే నేను స్నానం చెయ్యను,” అంది, ఏడుపు గొంతుతో.

పెద్దమ్మ ఆ ఎర్రచుక్క వైపు చూసి, “బండి ఎన్ని గంటలకి?” అంది.

పెళ్లిరోజు పొద్దున్నే తన సున్నిపిండి తనే తెచ్చుకుంది. న్యూ టౌన్ హాల్లో పెళ్లికూతుర్ని పీట మీద కూర్చోబెట్టి, బొగ్గు అంటిన గిన్నెని తోమినట్టు తోమింది. “మామ్మా, చర్మం ఊడిపోతోంది!” అని అది అరుస్తుంటే, “నోర్ముయ్, పుట్టినప్పుడూ ఇలగే అరిసినావు,” అంది. పెళ్లికొడుకు తరఫు బెంగాలీ ఆడవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియోలు తీశారు. మా వైపు ఇద్దరు ముసలమ్మలు మూతులు తిప్పుకున్నారు. ఆ రెండూ పెద్దమ్మకి పట్టలేదు.

కానీ తాళి కట్టే వేళకి ముందు వరసలో ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. పీటల మీంచి పిల్ల కళ్లు ఆ కుర్చీ దగ్గరే తిరుగుతున్నాయి. నేను లేచి వెతికాను. హాలు చివర స్తంభం పక్కన నిలబడి ఉంది. ఎవరూ పంపలేదు. తనే వెళ్లింది. ఇన్నేళ్ల అలవాటు ఒక్క బొట్టుతో పోతుందా? రమ్మని చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు. లాగితే రావచ్చు, కానీ లాక్కెళ్లడం పిలవడం కాదని ఆ వారంలోనే నేర్చుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడ్డాను. పిల్ల మమ్మల్ని చూసింది. అక్కడినుంచే తల ఊపింది.

“ఇక్కడ్నించి కనబడుతోందా, పెద్దమ్మా?”

“కనబడతన్నాది. నువ్వే అడ్డు. జరుగు.”