సగం మిగిలిన మాత్రల అట్ట

శ్రావణ శుద్ధ దశమి, బుధవారం. అమలాపురంలో డాక్టరమ్మ గది. ఉన్నవారు: నేను, మా చెల్లెలు, దాని కోడలు.

ఆ రోజు డైరీలో ఇంతే రాసి పెన్ను మూసేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

కోడలికి మూడేళ్ల పాప. భర్త కువైట్‌లో డ్రైవరు. టీచరు కావాలని ఆ పిల్లకు పెళ్లికి ముందు నుంచీ ఆశ. ఈ ఏడు అమలాపురంలో బీఈడీ సీటు వచ్చింది. సోమవారం నుంచి రాజోలులో ఆటో ఎక్కి క్లాసులకు వెళ్తోంది. రెండో రోజే దారిలో వాంతి చేసుకుంది. పరీక్ష చేయిస్తే గర్భమని తేలింది.

"గర్భం రాకుండా మాత్రలు వేసుకున్నానండీ. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు," అంది కోడలు.

"ఎప్పుడు మొదలెట్టేవమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆయన సెలవుకి వచ్చిన రోజునండీ. పదిహేను రోజులకి వెళ్లిపోయేరు. ఆ రోజే ఆపేసేను."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఇది తలనొప్పి మాత్ర కాదమ్మా, నొప్పి ఉన్న రోజున వేసుకోడానికి. ఇందులో హార్మోన్లు రోజూ ఒంట్లోకి వెళ్తుంటేనే అండం విడుదల కాకుండా ఆగుతుంది. గర్భసంచి ముఖం దగ్గర జిగురు చిక్కబడి వీర్యకణాల్ని లోపలికి పోనివ్వదు. నెలసరి వచ్చిన తొలి రోజుల్లో మొదలెట్టాలి. మధ్యలో మొదలెడితే మొదటి వారం వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. సగంలో ఆపేస్తే అండం మళ్లీ విడుదలవ్వచ్చు. వీర్యకణాలేమో లోపల నాలుగైదు రోజులు బతికే ఉంటాయి."

"మొగుడు విమానం ఎక్కేసేక ఇంకా మాత్రలెందుకండీ?" అంది మా చెల్లెలు.

"విమానం టైము ఒంటికేం తెలుస్తుందమ్మా!"

చెల్లెలు కోడలి మీదికి తిరిగింది. "ముందే కొనుక్కోలేకపోయేవా?"

"ఎలా కొంటానండీ అత్తయ్యగారూ? మందుల షాపాయన మన వీధివాడే. మీ అబ్బాయి కువైట్లో ఉండగా నేనెళ్లి ఆ మాత్రలడిగితే ఊరుకుంటారా? ఆయన వచ్చి తెచ్చేదాకా ఆగేను. మిగిలిన సగం అట్ట మీ కంట పడితే ఏమంటారోనని కాలవలో పారేసేను."

తను ఏదో ఒకటి అనేదేనని చెల్లెలికీ తెలుసు.

నేను వాళ్లకు రెండిళ్ల అవతల ఉంటాను. నెలనెలా బీపీ మాత్రలు తెచ్చుకునేది ఆ షాపులోనే. నా చీటీతో పాటు ఆ అట్ట కూడా అడిగితే ఈ వయసులో ఈవిడకెందుకని షాపాయన నవ్వుకునేవాడేమో, అంతకుమించి ఏమీ అనుకునేవాడు కాదు. ఆ పిల్ల నాతో చెప్పుకోవచ్చని మా ఇళ్లలో ఎవరికి తోచింది?

"ఆ మాత్రల వల్ల బిడ్డకి భయమేం లేదు," అంది డాక్టరమ్మ. "కానీ మొదటిసారి నెలలు నిండకుండానే నొప్పులొచ్చేయన్నావు. రోజూ ఇంత దూరం ఆటోలో తిరగొద్దు. వద్దనుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. నిర్ణయం నీదే."

కోడలు పరీక్ష కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఉంచుకుంటానండీ," అంది.

మర్నాడు పొద్దున్న మామూలు వేళకే ఆటో వచ్చి హారన్ కొట్టింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. కోడలు పాపను చంకనెత్తుకుని, తల దువ్వుకోకుండానే బయటికి వచ్చింది.

"ఒంట్లో బాలేదామ్మా? రేపు రమ్మంటారా?" అన్నాడు డ్రైవరు.

"వద్దండీ. ఇంక మా ఇంటి దగ్గర ఆగక్కర్లేదండీ," అంది.

"ఆయ్," అని ఆటో కదిలించాడు. లోపల కూర్చున్న అమ్మాయిలు జరిగి, ఆమె చోట్లో తమ సంచులు పెట్టుకున్నారు.