చివరి చరణం లేని కాసెట్

మా అన్నయ్య గిటార్ ఇంట్లో ఉండాలా, అమ్మేయాలా అన్నది ఎనభైల మొదట్లో ఒక కాసెట్ మీద ఆధారపడింది. మద్రాసులో పాటల కాసెట్లు చేసే ఒకాయన, జనం ముందు వాయించిన కచేరీని రికార్డు చేసి పంపమని, అందులో సొంత పాట ఒకటైనా మొదటి నుంచి చివరిదాకా ఉండాలని ఉత్తరం రాశాడు. హైస్కూలు మాస్టారైన నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"వాళ్ళు రమ్మంటే వెళ్ళు. లేదంటే ఆ గిటార్ అమ్మేసి మండపేట రైస్ మిల్లులో గుమస్తాగా చేరు. నేను మాట్లాడి పెట్టాను," అన్నారు.

మాది నలుగురి రాక్ బ్యాండు. అన్నయ్య గిటార్, అతని స్నేహితులిద్దరూ డ్రమ్స్, బేస్, నేను కీబోర్డు. చర్చిలో కీర్తనలకి హార్మోనియం వాయించి వాయించి నా వేళ్ళు అరిగాయి, ఇక వాయిద్యం మారడం పెద్ద కష్టమనిపించలేదు. ఆడపిల్ల స్టేజీ ఎక్కడమేంటని అడిగినవాళ్ళకి నేనిచ్చిన జవాబులు మాత్రం ఇక్కడ రాయకూడదు.

ఒక శనివారం సాయంత్రం స్కూలు మైదానంలో షామియానా వేయించాం. ఆంప్లిఫయర్లు పెళ్ళిళ్ళకి తిరిగే మైక్ సెట్ వాళ్ళవి, ఆ ఒక్క పూటకే దొరికాయి. పిన్ని కువైట్ నుంచి తెచ్చిన టేప్ రికార్డర్‌ని సౌండ్ బాక్సులకి దూరంగా, షామియానా పక్క గుడ్డ దగ్గర స్టూలు మీద పెట్టి, బటన్ నొక్కి స్టేజీ ఎక్కాను. నాన్నగారు మిల్లు యజమానిని కలవాలని ఆ మధ్యాహ్నమే మండపేట బయల్దేరారు. వినడానికి రాలేదని అన్నయ్య ముఖం చిన్నబోయింది.

మా వైపు జనం పౌరాణిక నాటకాలు చూసి పెరిగినవాళ్ళు. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. అన్నాక మళ్ళీ పాడి తీరాలి. చనిపోయి పడిపోయిన పాత్రధారి కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చనిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇంగ్లీషు పాటలు నాలుగు వాయించినంతసేపూ అందరూ బుద్ధిగా కూర్చున్నారు. చివర్లో అన్నయ్య సొంత తెలుగు పాట ఎత్తుకున్నాడు. చివరి చరణానికి ముందు గిటార్ ఒక్కటే మోగే ముక్క ఒకటి ఉంది. అది అయ్యీ అవగానే ఎక్కడి నుంచో ఒక గొంతు ఖంగుమంది. "వన్స్ మోర్!"

వెంటనే మైదానమంతా అందుకుంది. మద్రాసు సంగతి మరిచిపోయి అన్నయ్య పాట ఆపేశాడు, దణ్ణం పెట్టాడు, ఆ ముక్క మళ్ళీ వాయించాడు. అలా మూడుసార్లు! చప్పట్లకి పొంగిపోయి నేనూ తల ఊపుతూ కూర్చున్నాను. నాకూ బుద్ధి లేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఇంట్లో కాసెట్ పెట్టాం. మూడో వన్స్ మోర్ తర్వాత చివరి చరణం మొదటి మాట వినబడింది, టక్కున బటన్ పైకి లేచిన చప్పుడుతో కాసెట్ ఆ పక్క అయిపోయింది. అన్నయ్య గోడకున్న గిటార్ దించి తీగలు వదులు చేయడం మొదలుపెట్టాడు. అమ్మేసే వస్తువుకి చేసే పని అది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎవడో గాడిద సరిగ్గా టేప్ రికార్డర్ నెత్తిన నిలబడి అరిచాడు!" అన్నాను. మూడుసార్లూ మొదట అరిచింది ఆ గొంతే.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "గాడిద అనకే. ఆ గొంతుతో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్నాను."

అందరం వరండా వైపు చూశాం. పేపరు నాన్నగారి ముఖాన్ని పూర్తిగా కప్పేసింది.

"నాన్నగారూ, మీరు మండపేట వెళ్ళారు కదండీ?" అన్నాను.

"బస్సు దొరకలేదు."

"మరి మాకు కనబడలేదేంటండీ?"

"గుడ్డ వెనకాల నించున్నాను. అవతల మీ టేప్ రికార్డర్ ఉందని నాకేం తెలుసు?" పేపరు దించారు. అంత సిగ్గుపడ్డ ముఖం ఆయనకుంటుందని నాకు తెలియదు. "మీకంటే ముందు ఇంటికి చేరాలని చివర్లో వచ్చేశాను. ఆ చివరి చరణం నేనూ వినలేదు."

అన్నయ్య చేతులు తీగల మీద ఆగిపోయాయి.

"బిగించరా. ఎలా ముగించావో విననీ."

అన్నయ్య తీగలు బిగించాడు. ఆంప్లిఫయర్ లేని ఆ గిటార్ ఇంట్లో సన్నగా మోగింది. చివరి చరణం పూర్తిగా పాడాడు. పాట అయ్యాక నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మిల్లులో సాయంత్రం అయిదింటికి వదిలేస్తారు," అన్నారు. "ఆ తర్వాత వాయించుకోవచ్చు. అమ్మడమెందుకు?"

అన్నయ్య తల వంచుకున్నాడు. నాన్నగారు గొంతు సవరించుకుని, ఈసారి చాలా నెమ్మదిగా అడిగారు.

"ఇంట్లో వన్స్ మోర్ అనొచ్చా?"

"అనొచ్చండి," అని అన్నయ్య పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.