ఊదా కాగితం కింద బొమ్మలు

1935 జూన్‌లో నన్ను విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టికి ప్రాసిక్యూటింగ్ సబ్-ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఈ హోదా ఇప్పటి పాఠకులకు కొత్తగా ఉండవచ్చు. కింది కోర్టుల్లో మామూలు కేసులకు సర్కారు వకీలు వచ్చేవాడు కాదు. చట్టం చదివి పరీక్ష ప్యాసైన పోలీసు అధికారే యూనిఫారంలో నిలబడి కేసు నడిపేవాడు. స్టేషనువాళ్ల లెక్కలో మేము కోర్టు మనుషులం, కోర్టు లెక్కలో స్టేషను మనుషులం. చీవాట్లు మాత్రం రెండు చోట్లా మాకే.

చేరిన కొత్తలోనే గురుసామి నాయకర్ కేసు నా బల్లమీదికి వచ్చింది. ఆయన కళుగుమలై రోడ్డులో ప్రకృతి వైద్యం చేసేవాడు. మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే రైతు కుటుంబం. చర్మరోగాలతో వచ్చినవాళ్లను తడికెలు కట్టిన దొడ్డిలో పొద్దుటి ఎండకు కూర్చోబెట్టడమే ఆయన వైద్యం. ఆడవాళ్ల దొడ్డి వేరు, దాన్ని ఆయన భార్య చూసుకునేది. జర్మనీ నుంచీ ఇంగ్లండు నుంచీ సూర్యస్నాన పత్రికలు తెప్పించేవాడు. వాటి నిండా ఒంటిమీద నూలుపోగు లేకుండా ఎండలో వ్యాయామం చేసే స్త్రీపురుషుల ఫోటోలే. వీపుమీద ఎండ పడనివ్వడానికి కూడా సిగ్గుపడే రోగులకు ఆ పేజీలు చూపించి ధైర్యం చెప్పేవాడు. ఇది గిట్టని ఎవరో ఆకాశరామన్న అర్జీ పెట్టాడు. స్టేషనువాళ్లు వారంటు తీసుకుని సోదా చేసి పత్రికలన్నీ మూట కట్టుకొచ్చారు.

కేసు శిక్షాస్మృతి 292వ సెక్షను కింద. అశ్లీలమైన పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకుని చదువుకుంటే నేరం కాదు. అమ్మినా, పంచినా, నలుగురికీ ప్రదర్శించినా నేరం. అశ్లీలమంటే ఏమిటో మాత్రం సెక్షను చెప్పదు. తేలిగ్గా చెడిపోగల మనసులను చెడగొట్టే గుణం ఆ వస్తువుకు ఉందా అని అడిగే ఒక పాత ఇంగ్లీషు తీర్పే అందరికీ దిక్కు. ఆ తీర్పుకు భయపడి ఇంగ్లండు పత్రికలవాళ్లు ఫోటోల్లో ఆ చోటును తుడిచి నున్నగా చేసేవారు. జర్మన్ పత్రికలు ఉన్నదున్నట్టు అచ్చువేసేవి. అందుకే నేను జర్మన్ సంచికలనే ఎగ్జిబిట్లుగా, అంటే కోర్టులో చూపే వస్తువులుగా ఎంపిక చేశాను. కళుగుమలై కొండమీద రాతిలో చెక్కిన జైన మునులకు గుడ్డలున్నాయా అని గురుసామి నాయకర్ నన్ను నిలదీశాడు. మతానికి చెందిన శిల్పాలకు సెక్షనులోనే మినహాయింపు ఉంది, జర్మన్లకు లేదు అన్నాను. నవ్వాడు. మొండివాడే గానీ మర్యాదస్తుడు.

జైలు గురించి ఆయనకు బెంగ లేదు. "శిక్ష ఏస్తే ఏసుకోనీండి సార్. బొమ్మల్ని మాత్రం మేజిస్ట్రేటు నిండుగా చూడాల. దీంట్లో తప్పు లేదని కోర్టు ఒక్క మాట చెప్తే సాలు, ఆడోళ్లు బయం లేకుండా వస్తారు. లేకుంటే నా దొడ్డి మూసుకోవాల్సిందే" అన్నాడు. ముద్దాయి బొమ్మలు చూడమంటాడు, ప్రాసిక్యూటరూ చూడమంటాడు. ఇలాంటి కేసు నాకు మళ్లీ తగల్లేదు.

ప్రదర్శన రుజువు చేయడానికి నాకున్న ముఖ్య సాక్షి రంగమ్మాళ్. విరుదునగర్ పక్క నల్లరేగడి పల్లె ఆమెది. వీపంతా పొలుసులు లేవడంతో, తగ్గేదాకా రావద్దని మొగుడు పుట్టింటికి పంపేశాడు. గురుసామి నాయకర్ దొడ్డిలో ఎండకు కూర్చున్నాక సగానికి సగం తగ్గింది. వాంగ్మూలం సరిచూసుకోవడానికి పిలిస్తే ఎదురు నాకే ప్రశ్న వేసింది. "చూస్తిని సామీ, ఆ పడాలు. వాండ్లు ఎండలో కసరత్తు చేస్తా ఉండిరి. ఒళ్లు బాగుపడేదానికి చేస్తారు. దీనికేంటికి కేసు?" పడాలంటే తమిళంలో బొమ్మలు. ఆమె మాటలో సిగ్గూ లేదు, బెదురూ లేదు.

విచారణ శుక్రవారం పడింది. హాలు కిక్కిరిసింది, జనం ఎందుకొచ్చారో చెప్పనక్కర్లేదు. మేజిస్ట్రేటు ముందు మూట విప్పి మొదటి సంచిక తెరిచాను. అందులోనే కాదు, అన్ని సంచికల్లోనూ ప్రతి ఫోటోమీదా, ఆడామగా తేడా లేకుండా, చక్కగా కత్తిరించిన ఊదారంగు కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. కోవిల్‌పట్టిలో ఇంటింటా కూలికి అగ్గిపెట్టెలు చేస్తారు, వాటికి అంటించే కాగితమే అది. మైదా పిండి ఉడికించి కాసిన గట్టి జిగురు. గోటితో ఒకదాన్ని లేపబోతే కింది ఫోటో కూడా చినిగి వచ్చేసింది.

అది మా స్టేషను రైటరు చేతి పని. రైటరంటే స్టేషను రికార్డులు రాసి, సోదాలో పట్టుకున్న ముద్దెమాలు కోర్టుకు అప్పజెప్పే హెడ్ కానిస్టేబులు. ఆయనకు దైవభక్తి ఎక్కువ. పక్కకు పిలిచి కడిగేశాను. "శుక్రవారం పూజ చేసుకొని వచ్చే పెద్దమనిషి చేతికి అట్లాంటివి ఎట్ల ఇచ్చేది సార్? మా ఇంట్లో అందరం కూర్చొని అంటిస్తిమి" అన్నాడు, మెచ్చుకుంటానేమోనన్న ఆశతో. కొంప ముంచావయ్యా అనడం తప్ప ఏం చేయగలను!

రంగమ్మాళ్‌ను బోనులోకి పిలిచి, నీకు చూపించినవి ఇవేనా అని ఆ పేజీ పట్టుకున్నాను. ఆమె చూసింది. ఊదా ముక్కల్ని చూసింది. వెంటనే కొంగు ముఖంమీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. ఎన్నిసార్లు అడిగినా నాకు తెలియదు, నాకు తెలియదు అన్నదే తప్ప ఇటు తిరగలేదు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

మేజిస్ట్రేటు ఎక్కువసేపు తీసుకోలేదు. నా ముందున్న వస్తువులో అశ్లీలం కనబడటం లేదు, కాగితం కింద ఏముందో ఊహించి శిక్ష వేయలేను అన్నారు. గురుసామి నాయకర్ లేచి, సోదా తర్వాత టపాలో వచ్చిన ఇంకో సంచిక ఇంట్లో ఉంది, తెప్పిస్తాను, దాన్ని చూసి తీర్పు చెప్పండి అని చేతులు జోడించాడు. ఆయన వకీలు కోటు పట్టుకుని వెనక్కు లాగుతున్నా వినలేదు. కేసులో దాఖలు కానిదాన్ని కోర్టు చూడదని మేజిస్ట్రేటు నాయకర్‌ను నిర్దోషిగా విడిచిపెట్టారు. ఓడిన నేను కాగితాలు సర్దుకున్నాను. గెలిచిన మనిషి బల్లమీద కూలబడిపోయాడు. నాకు నిజంగా జాలేసింది.

కొంతకాలానికి ఏదో సమన్ల పనిమీద వెళ్లి విరుదునగర్ రైల్వే స్టేషనులో బండి కోసం నిలబడితే రంగమ్మాళ్ కనిపించింది. తల్లితో ఉంది. వైద్యం ఎంతవరకు వచ్చిందని అడిగాను. మానేశానంది. ఆడవాళ్ల దొడ్డి మూతపడిందట, తానొక్కతే కాదు, ఎవరూ పోవడం లేదట.

"పోలీసోళ్లే ఆ పడాల్ని కాగితంతో మూసిపెట్టిరి కదా సామీ. మూసేటంత పాపం దాంట్లో ఉండాదని నాకేం తెలుసు? నువ్వు చూసింది ఏందని మా ఇంటాయన అడిగె. ఏమని చెప్పేది? ఇంక ఇంటికి రావద్దనె."

తల్లి ఆమె వీపుమీది చీర సర్ది, నావైపు చూడకుండానే అవతలికి తీసుకుపోయింది.

తర్వాతి సర్వీసులో ఇలాంటి కేసులు నాలుగైదు నడిపాను. ఎగ్జిబిట్లను ఎవరినీ ముట్టనివ్వకుండా సీలు వేసిన కవర్లో పెట్టించి నేరుగా మేజిస్ట్రేటుకే ఇప్పించేవాణ్ణి. అశ్లీలమా కాదా అన్నది కోర్టు తేల్చవలసిన విషయం. కోర్టుకంటే ముందు ఎవరు కప్పినా తీర్పు చెప్పేసినట్టే. దానిమీద అప్పీలు లేదు.