వాసన వకీలు

నల్లగొండ కోర్టు ఆవరణలో వెంకటరాజం గారిని ఎదురుగా సర్కారు వకీలు అనేవాళ్ళం, ఆయన అటు తిరగ్గానే వాసన వకీలు అనేవాళ్ళం. నేను ఆ కోర్టులో పేష్కారును. మేజిస్ట్రేటు గద్దెకు దిగువన కూర్చుని కేసులు పిలవడం నా పని. ఆ పని చేసేవాడికి ఎవరికి ఏ పేరు అతుకుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

నందికొండ దగ్గర ఆనకట్ట పని జోరందుకున్న రోజులవి. ఎడ్లబండ్లు తప్ప ఎరగని రోడ్ల మీద రాళ్ళ లారీలు, సిమెంటు లారీలు పొద్దంతా దుమ్ము రేపుతూ తిరిగేవి. రోడ్డు పక్కన కల్లు దుకాణాలకూ కొదవ లేదు. డ్రైవరు తాగాడో లేదో తేల్చడానికి యంత్రాలేం లేవు. దవాఖాన డాక్టరు నోరు వాసన చూసి, నేల మీద గీత గీసి దాని వెంబడి నడిపించి ఒక సర్టిఫికెట్ రాసిస్తాడు. దాన్ని పట్టుకుని వెంకటరాజం గారు డ్రైవరును ఉతికి ఆరేసేవారు. ఇలాంటి కేసులు ఏ పోలీసు స్టేషను నుంచి వచ్చినా అన్నీ ఆయనకే ఇచ్చేవారు, ఆయనా అడిగి మరీ తీసుకునేవారు.

ఊరికే ఎగతాళి చేశాం గానీ, ఆయన మంచి మనిషి. నారాయణపేటలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, చీరలు మోసి అమ్మిన చేతులతోనే వకీలు చదువు చదివారు. కేసు కట్ట విప్పకముందే దవాఖానకు పోయి దెబ్బ తిన్నవాళ్ళ మంచం పక్కన కూర్చుని వచ్చేవారు. ఆ కోపమంతా అక్కడి నుంచే తెచ్చుకునేవారని నా నమ్మకం. కోపంతో వచ్చినవాడికి ఎదుటివాడు ఎప్పుడూ దోషిలాగే కనిపిస్తాడు, అదీ చిక్కు.

భిక్షపతి కేసు అలాగే వచ్చింది. హాలియా పక్క ఊరివాడు. వాళ్ళ వాడలో స్టీరింగు పట్టిన మొదటి మనిషి. తాత ముత్తాతలు దొర పొలంలో వెట్టి చేసినవాళ్ళు. అతని లైసెన్సును తల్లి సుక్కమ్మ దేవుడి గూట్లో పెట్టేదట. దశరథం అనే గుత్తేదారు దగ్గర లారీ నడిపేవాడు. పెద్దవూర దాటాక రోడ్డు పల్లానికి దిగే చోట ఆ లారీ గురవయ్య అనే రైతు బండిని గుద్దింది. ఒక ఎద్దు చచ్చిపోయింది, గురవయ్యకు తుంటి విరిగింది. భిక్షపతి తల పగిలింది. డాక్టరు మాత్రం కల్లు వాసన వస్తోందనీ, గీత మీద తూలుతున్నాడనీ రాశాడు. తల పగిలినవాడు తూలక గంతులేస్తాడా అని నాకు అప్పుడే అనిపించింది. పేష్కారు మాట ఎవరికి కావాలి?

భిక్షపతికి వకీలు లేడు. బోనెక్కి తన గోడు తానే చెప్పుకున్నాడు.

"హుజూర్, గా దిగుడు కాడ మైసమ్మ గద్దె ఉన్నది. డ్రైవర్లందరం బండి ఆపి సాక పోసి పోతం. నేను గూడ పోసిన. కల్లు నా అంగీ మీద సుత పడ్డది. నేను తాగలే. బండికి బిరేకులు..."

సాక అంటే అమ్మవారి ముందు నేల మీద ధారగా పోసే కల్లు. వెంకటరాజం గారు లేచారు. ఆ క్షణంలో ఆయన ముఖం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గాలానికి చేప తగిలినప్పటి జాలరి ముఖం అది.

"అడిగినదానికే చెప్పు. సాక పోసినంక ప్రసాదం ముట్టినవా, లేదా?"

భిక్షపతి మేజిస్ట్రేటు గారి వైపు చూశాడు.

"మైసమ్మ మీద ఆన. ముట్టినవా?"

"అరచేతుల రెండు చుక్కలు పోసుకొని పెదవులకు అద్దుకున్న సారూ. ప్రసాదం గద."

"అంటే ముట్టినవ్."

"ముట్టిన."

ఇంత చిన్న ప్రశ్న ఆయనకు ఎలా తట్టిందని మేజిస్ట్రేటు గారు ఆశ్చర్యపోయి ఉంటారు. నాకు ఆశ్చర్యమేమీ లేదు. నారాయణపేటలో కొత్త పడుగు మగ్గానికెక్కిన రోజు ఆయన తల్లి కూడా సాక పోసి పిల్లల అరచేతుల్లో రెండేసి చుక్కలు వేసేది. ఆ సంగతి ఆయనే నాకు చెప్పారు. సాక పోసినవాడు ప్రసాదం ముట్టి తీరుతాడనీ, ముట్టలేదని అమ్మవారి పేరు మీద ప్రాణం పోయినా అబద్ధమాడడనీ ఆయనకు తెలుసు. పట్నం నుంచి వచ్చిన వకీలుకు ఆ ప్రశ్న తట్టనే తట్టదు. ఇంటి గుట్టు తెలిసినవారు కాబట్టే గురి తప్పకుండా కొట్టగలిగారు.

నిందితుడే ఒప్పుకున్నాక ఇక లారీ విప్పి చూసే పని ఎవరు పెట్టుకుంటారు? భిక్షపతికి జైలు పడింది, లైసెన్సు రద్దయింది. దశరథం లారీకి రంగు వేయించి మళ్ళీ రోడ్డెక్కించాడు.

ఏడాది దాటాక అదే లారీ, అదే దిగుడులో, రోడ్డు పక్కన కంకర కొట్టుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళ మీదికి పోయింది. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ఈసారి డ్రైవరు ఖాదర్. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, జన్మలో కల్లు ముట్టనివాడు. వాసన దొరకలేదు గనక పోలీసులు మోటారు ఇన్‌స్పెక్టరును పిలిపించి లారీ విప్పించారు. బ్రేకులు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. తెలిసి తెలిసీ అలాంటి లారీని నడిపించాడని దశరథం మీద కేసు పెట్టారు. ఇప్పుడే తెలిసిందని, అంతకు ముందు తనకెవరూ చెప్పలేదని దశరథం వాదన.

వెంకటరాజం గారు ఆ రిపోర్టు చదివి అన్నం ముట్టలేదని ఆయన భార్య సుభద్రమ్మ గారు నాతో అన్నారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని భిక్షపతి ఊరికి బయల్దేరారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో ఆ దారి పొడుగునా చూశాను. పాత కేసు కట్ట ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విప్పి చూస్తూనే ఉన్నారు.

భిక్షపతి ఎవరి బావిలోనో పూడిక తీసి అప్పుడే ఇంటికొచ్చాడు. సుక్కమ్మ మంచం వాల్చింది. వెంకటరాజం గారు కూర్చోలేదు.

"గా బ్రేకుల సంగతి దశరథానికి ముందుగాల చెప్పినవా?" అని అడిగారు.

"మస్తుసార్లు చెప్పిన సారూ. నడిపితే నడుపు, లేకుంటే తాళం చెయ్యి ఈడ పెట్టిపో అన్నడు."

"గదే మాట కోర్టుల చెప్పు బిడ్డా. నీ మాట నిలబడితే నీ లైసెన్సు కోసం నేనే తిరుగుత."

"నా మాట ఎవలు నమ్ముతరు సారూ?"

"నేనున్న గద" అన్నారు వెంకటరాజం గారు. సుక్కమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "ఉన్నది ఉన్నట్టు చెప్పు కొడుకా, అమ్మ సూస్తది" అంది.

భిక్షపతి వచ్చాడు, ఉతికిన అంగీ వేసుకుని. అన్నీ చక్కగా చెప్పాడు. దశరథం తరఫున హైదరాబాదు నుంచి పెద్ద వకీలొకరు వచ్చారు. ఆయన గొంతు కూడా పెంచలేదు. పాత తీర్పు తీసి, మూడు ముక్కలు చదివి, "తాగి బండి నడిపి జైలుకు పోయిన మనిషి, తనను పనిలోంచి తీసేసిన యజమాని మీద చెప్పే సాక్ష్యం ఇది" అని కూర్చున్నారు.

మేజిస్ట్రేటు గారు వెంకటరాజం గారి వైపు చూశారు. "ఆ కేసు నడిపింది మీరే కదా? అప్పుడు తాగి గుద్దాడన్నారు. ఇప్పుడు బ్రేకు లేక గుద్దాడంటున్నారు."

"అప్పుడు నేను తప్పు చేశాను" అన్నారు వెంకటరాజం గారు. "అతను తాగలేదని నాకు తెలుసు. తెలిసే ఆ ప్రశ్న అడిగాను."

ఇన్నేళ్ళ నౌకరీలో ఒక సర్కారు వకీలు నోట అలాంటి మాట నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. మేజిస్ట్రేటు గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుని, "వకీలు మాట సాక్ష్యం కాదు. రికార్డులో ఉన్నది చెప్పండి" అన్నారు. రికార్డులో 'ముట్టిన' అని ఉంది.

దశరథానికి తెలుసనడానికి నమ్మదగిన రుజువు లేదని కేసు కొట్టేశారు. లైసెన్సు సంగతి ఇక ఎత్తడానికే లేకుండా పోయింది.

బయట భిక్షపతి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కోపం లేదు, అదే మరీ కష్టంగా ఉంది.

"సారూ, ఒకటి అడుగుత. గానాడు నేను ముట్టలేదని అబద్ధమాడితే, బండి ఇప్పి సూస్తుండిరా?"

వెంకటరాజం గారు కావాలంటే దాటవేయవచ్చు. దాటవేయలేదు.

"సూస్తుండిరి."

"అయితే గా ఇద్దరు ఆడోళ్ళు బతుకుతుండిరి."

"బతుకుతుండిరి బిడ్డా. నీ తప్పు కాదు, నాది."

భిక్షపతి తల ఊపాడు. మెట్లు దిగబోయి ఆగాడు.

"మరి మా అమ్మకు ఏం చెప్పాలె సారూ? చిన్నప్పటిసంది నిజమే చెప్పుమన్నది గామెనే."