నీలం పేడపురుగు

కొబ్బరిచెట్టు మొవ్వులో దూరిన కొమ్ము పురుగుని పట్టడంలో అంబాజీపేటలో జయంతిని మించినవాళ్లు లేరు. కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ, ఆరేళ్ల ఉద్యోగం. పెళ్లయి అమెరికాలోని అరోరా వచ్చాక ఆ చదువంతా ఇంటి వెనక గులాబీల పాలైంది. భర్త శశికాంత్‌ది హెచ్-1 వీసా, ఆవిడది దాని మీద ఆధారపడ్డ హెచ్-4. అంటే ఈ దేశంలో ఉండొచ్చు, వండొచ్చు, వడ్డించొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. గ్రీన్‌కార్డు రేపోమాపో అంటూ తొమ్మిదేళ్లు గడిచాయి.

2009 ఏప్రిల్‌లో కూతురు భవిత క్లాసు పిల్లలకి తోడుగా షికాగోలో ఒక మ్యూజియానికి వెళ్లింది. ఈజిప్టు గదిలో అద్దం వెనక గోరంత నీలం పేడపురుగు బొమ్మలు. సూర్యుణ్ణి దొర్లించుకుపోయే దేవుడి పేరిట కట్టుకున్న తాయెత్తులని గైడ్ మార్జరీ చెబుతోంది. నిజం పురుగు ఏం దొర్లిస్తుందని ఒక పిల్ల అడిగితే మార్జరీ తడబడింది. జయంతి ఆగలేకపోయింది. తల్లి పేడ ఉండలో గుడ్డు పెట్టడం, పిల్ల ఆ ఉండనే తింటూ పెరగడం, రెక్కలొచ్చినా వానకి ఉండ మెత్తబడేదాకా లోపలే పడుండడం, అన్నీ గంటసేపు చెప్పింది. పిల్లలు కిక్కురుమంటే ఒట్టు. ఎన్నేళ్లకో ఆవిడకి కడుపు నిండినట్టయింది.

మార్జరీ మ్యూజియం షాపులోంచి ఒక నీలం పురుగు బొమ్మ తెచ్చి చేతిలో పెట్టి, ప్రతి శనివారం వచ్చి పిల్లలకి చెప్పమంది.

శశికాంత్‌కి ముచ్చెమటలు పోశాయి. "ప్రతి వీక్ అంటే అది జాబే జయంతీ. ఫ్రీగా చేసినా వీసా వయొలేషనే అంటారు. ఆ బొమ్మని పేమెంట్ అన్నారంటే? రిటర్న్ చేసెయ్."

"పిల్లలాడుకునే బొమ్మండీ అది."

"రిస్క్ తీసుకోలేం."

బొమ్మకి భయపడే మగవాణ్ణి చూసి మనం నవ్వొచ్చు. కిందటేడు పక్కింటి ఉదయ్ కుటుంబం వీసాలో ఒక్క కాగితం తేడా వచ్చి నెలలో ఇండియాకి సామాను సర్దుకోవడం చూసినవాళ్లకి నవ్వు రాదు. జయంతికీ రాలేదు. ఏడుపొచ్చింది. శనివారాలు కుదరవని ఉత్తరం రాసి, బొమ్మని దూదిలో చుట్టి డబ్బాలో పెట్టింది.

భవిత పక్కన నిలబడి చూస్తోంది. "అమ్మా, నువ్వు ఏమైనా బ్యాడ్ థింగ్ చేశావా?"

"లేదమ్మా."

"మరి గిఫ్ట్ ఎందుకు బ్యాక్ ఇస్తున్నావ్?"

క్లాసెడు పిల్లల సందేహాలు తీర్చిన మనిషి, ఈ ఒక్క పిల్ల చేతికి టేపు కొస ఇచ్చి, గట్టిగా పట్టుకోమంది.