బజ్జీల బండికి పోయిన పదమూడో అధ్యాయం

2022 ఎండాకాలం. నంద్యాలలో మా చిన్న ప్రెస్సు పెళ్ళిపత్రికల మీద బతుకుతుంది. నవల రావడమే అరుదు. నాది డీటీపీ, అంటే రాతప్రతిని కంప్యూటర్లో కొట్టి పేజీలుగా అమర్చే పని. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను భయపెట్టిన పుస్తకం ఆ ఎండాకాలం వచ్చిన నవల ఒక్కటే.

రాసింది ఆళ్ళగడ్డలో పనిచేసే కరుణ టీచరు. నవలలో ఒక పిల్ల ఏడేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా పెరుగుతుంది. పన్నెండేళ్ళప్పుడు బడి మానిపించి పత్తి విత్తనాల చేలో పనికి పంపుతారు. పురుగుమందు కొట్టిన పూటే రైతు ఈ కూలిపిల్లల్ని చేలోకి దింపుతాడు. పక్క సాలులో ఉన్న స్నేహితురాలు పడిపోయి చచ్చిపోతుంది. ఎండదెబ్బ అని చెప్పమంటారు పెద్దలు. ఈ పిల్ల అలాగే చెబుతుంది. ఇక నవలంతా ఆ అబద్ధాన్ని మోస్తూ ఎదగడమే.

"అన్నీ నిజం పేర్లేనన్నా," అంది టీచరు. "మార్చి రాద్దామంటే చెయ్యి కదల్లా. మొదటి ప్రూఫులో మారుస్తా. అంతవరకు ఒక్క కాగితం గూడా బయటికి పోగూడదు. మాయమ్మ ఇంగా ఆ ఊర్లోనే, ఆళ్ళగడ్డ పక్కనే ఉండాది. ఆ రైతు చేలోకే కూలికి పోతాంది."

"నాదీ పూచీ మేడం," అన్నాను గొప్పగా.

ప్రూఫ్ అంటే తప్పులు దిద్దడానికి తీసే చిత్తుప్రతి. ఆమె దానిమీద నిజం పేర్ల పక్కన మార్చిన పేర్లు పెన్నుతో రాసి ఇచ్చింది, నేను కంప్యూటర్లో దిద్దాను. పని అయిపోయిన ప్రూఫులను కట్టగట్టి బస్టాండు దగ్గర బజ్జీల బండికి ఇవ్వడం మా ప్రెస్సు అలవాటు. ఆ అలవాటులోనే పెళ్ళిపత్రికల చిత్తుతో పాటు ఆ కట్టా ఇచ్చేశాను. మర్నాడు సాయంత్రం గుర్తొచ్చింది. పరిగెత్తాను.

"ఏందప్పా, అట్ల రొప్పుతాండావ్?" అంది బండి బీబమ్మ.

కట్ట లాక్కుని అక్కడే నేల మీద కూర్చుని పేజీల నంబర్లు చూశాను. పదమూడో అధ్యాయంలో ఒక కాగితం లేదు. పిల్ల చావు, రైతు పేరు, ఊరి పేరు అన్నీ దానిమీదే ఉన్నాయి.

"ఆ కట్టలోది ఒకటి ఇందాకే బజ్జీలకు చుట్టిచ్చినా. ఆళ్ళగడ్డ బస్సు ఎక్కిరి వాళ్ళు."

నూనె మరకలో ఎవరు చదువుతారులే, చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. ఆ పిల్ల నోరు నొక్కినవాళ్ళూ ఇలాగే అనుకుని ఉంటారని తోచి, సిగ్గేసి, ఫోను చేశాను. టీచరు తిట్టలేదు. "మాయమ్మ ఉండాదన్నా ఆడ," అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత పది రోజులు షట్టరు ముందు మోటారుసైకిలు ఆగితే చాలు, లేచి తొంగిచూసేవాణ్ణి. ఒకాయన తెల్లచొక్కాతో వచ్చి, "ఆళ్ళగడ్డ నుంచి వస్తాండా. ఈడ పుస్తకాలు కొట్టేది నువ్వేనా?" అన్నాడు. లేచి నిలబడ్డాను. తీరా చూస్తే కూతురి పెళ్ళిపత్రిక కోసం వచ్చాడు. టీచరు రోజూ ఫోను చేసి ఒకటే అడిగేది: "ఎవురన్నా వచ్చినారా అన్నా?"

పదకొండో రోజు తనే వచ్చింది. మనిషి సగమైంది. తల్లిని ఆళ్ళగడ్డకు తెచ్చుకుందట. ఎందుకు రమ్మంటున్నావని తల్లి నిలదీస్తే, పన్నెండేళ్ళప్పుడు ఆ చేలో తను చూసింది మొదటిసారి చెప్పిందట.

"మాయమ్మ ఏమనిందో తెల్సా అన్నా? 'సచ్చిన పిల్ల తల్లి ఇంగా నన్ను అడుగుతాంటాదే, నీ బిడ్డ పక్కనే ఉన్నింది గదా, ఏం చూసిందని' అనింది."

నా పక్క కుర్చీలో కూర్చుని, "రైతు పేరు, ఊరి పేరు మార్చినట్టే ఉండనీ. సచ్చిన పిల్లకు మాత్రం నిజం పేరు ఎయ్యి," అంది.

"భయం లేదా మేడం?"

"ఉండాది. పన్నెండేళ్ళప్పుడు గూడా ఉన్నింది."

ఆ కాగితం ఇప్పటికీ దొరకలేదు. ప్రూఫులు ఇప్పుడు నా చేత్తోనే చింపుతాను. భయం పోయాకే మనిషి ఎదుగుతాడని అంతవరకు అనుకునేవాణ్ణి. ఆ రోజు నా పక్క కుర్చీలో, భయం ఇంకా ఉండగానే, ఆమె గట్టిగా చెప్పింది: "సలోమి. సలోమి అని కొట్టన్నా."