మూడో కొక్కెం సంచి

సాయంత్రం ఆరూ పన్నెండు విరార్ లోకల్ రైల్లో, ఆడవాళ్ల పెట్టెలో, సులభా ఘరత్ ఇరవై రెండేళ్లుగా కూరగాయలు బాగుచేస్తోంది. చర్చ్‌గేట్ దగ్గర బీమా ఆఫీసులో ఫైళ్లు ముగించి, బండెక్కి, ఒళ్లో పాత పేపరు పరుచుకుని బఠానీలు ఒలుస్తుంది. నాలాసోపారాలో దిగి ఇంటికెళ్లగానే పొయ్యి వెలిగించాలి కదా. ఆమె ఒక్కతే కాదు, చుట్టూ పదిమంది చేసే పని అదే. తేడా అంతా తొక్కల దగ్గరే వచ్చింది.

అందరూ సీటు కిందికి తోసేసేవారు. సులభ మాత్రం పాత లంగాలు చింపి నీలం గుడ్డసంచులు కుట్టి, రోజుకొకటి తలుపు పక్క మూడో కొక్కేనికి తగిలించేది. దానికి పిన్నీసుతో ఒక చీటీ: "తొక్కలు మాత్రమే. పారబోసే ముందు చెయ్యి పెట్టి చూడండి. ప్లాస్టిక్ ఉంటే తీసెయ్యండి."

"రైల్వే మంత్రిగారు వచ్చారు, కాళ్లు దగ్గర పెట్టుకోండే!" అనేది కుంద. విరార్ దాకా వెళ్లే కుంద ఆమెకు ప్రాణస్నేహితురాలు.

చెత్త వేసేవాళ్లను ఎవరూ ఏమీ అనరు. ఎత్తేవాళ్లను చూస్తేనే జనానికి నవ్వొస్తుంది. మొదట్లో ఆ సంచిని కిటికీలోంచి విసిరేశారు కూడా. తర్వాత ఎవరో తీసుకెళ్లడం మొదలుపెట్టారు. బండి విరార్ నుంచి తిరిగి వెళ్లేటప్పుడు వసయీలో ఎక్కే నర్సులు బాంద్రాలో దించి పారబోస్తున్నారని కుంద ఎక్కడో విన్నది. వాళ్ల ముఖాలు సులభ ఎన్నడూ చూడలేదు.

ఆ గురువారం ఆమె దగ్గర రెండు నీలం సంచులున్నాయి. రెండోదాంట్లో భర్త వసంత్ ఆస్పత్రి ఫైలూ, అతని దవడలోంచి పరీక్షకు తీసిన ముక్క అతికించిన గాజు పలకలూ ఉన్నాయి. మళ్లీ తీయాలంటే మళ్లీ కొయ్యాలి. మర్నాడు పదింటికి పెద్ద డాక్టరుకు చూపించాలి. గాజు కదా, జనంలో నలిగిపోతాయని ఆ సంచినీ మూడో కొక్కేనికే తగిలించింది.

నాలాసోపారాలో జనం తోసేశారు. చేతికందింది లాక్కుని దిగింది.

ఆటో స్టాండు దగ్గర వరసలో తన వంతు వచ్చాక చిల్లర కోసం సంచిలో చెయ్యి పెట్టింది. బఠానీ తొక్కలు.

వంతెన ఎక్కి పరుగెత్తింది. అవతలి ప్లాట్‌ఫారం మీదికి దిగేసరికి, విరార్ వెళ్లి తిరిగొచ్చిన బండి కదిలిపోతోంది. ఎవరిదో తెలియని సంచి అయితే ఎవరో ఒకరు పోలీసుకైనా చెబుతారు, ఆశ ఉంటుంది. మూడో కొక్కెం సంచి సంగతి అలా కాదు. దాన్ని తీసుకెళ్లి పారబోస్తారు. పారబొయ్యమని నేర్పిందే తను.

కుందకు ఫోన్ చేసి సంగతి చెప్పింది. "ఏడవకే! ఆ నర్సుల్లో ఎవరి నంబరైనా ఉందా?" అంది కుంద.

"పేర్లే తెలియవే నాకు!"

పది నిమిషాలకు ఫోన్ మోగింది. వసంత్. దవడ వాపుతో మాటలు ముద్దగా వస్తున్నాయి. "ఎవరో నర్సంట, ఫైలు మీద నా నంబరు చూసి చేసింది. నీ మొగుడి దవడ నా దగ్గరుంది అని చెప్పమంది. ఏమిటే ఇది?"

సులభ ప్లాట్‌ఫారం మీదే చతికిలబడింది. నవ్వో ఏడుపో పక్కనున్నవాళ్లకు అర్థం కాలేదు.

అతనిచ్చిన నంబరుకు చేసింది.

"బాంద్రా మెట్ల కింద నిలబడతాను, తరవాతి బండికి వచ్చెయ్యండి" అంది అవతలి గొంతు. "ఆలస్యమైతే మా పెద్ద సిస్టరు నన్ను నరుకుతుంది."

మెట్ల కింద నిలబడ్డామె బొద్దుగా ఉంది, తెల్ల చీర, మెడలో చిన్న శిలువ. పేరు ఫిలోమినా లోపిస్, ఊరు వసయీ. సులభ చేతిలోని సంచిని చూడగానే గుర్తుపట్టింది.

"ఓహో! చీటీల రాక్షసివి నువ్వేనా అక్కా?"

"నేనే. నువ్వు పారబొయ్యలేదు కదా?"

"ఎలా పారబోస్తాను? చెయ్యి పెట్టి చూడమని నాలుగేళ్లుగా ప్రాణం తీస్తున్నావుగా! ఇవాళ చీటీ లేదు, అయినా చెయ్యి దానంతటదే పోయింది. గాజు తగిలింది. అలాంటివి రోజూ చూసేదాన్నే, పోల్చుకోలేనా?" సంచి అందించింది. "చూసుకో. ఒక్కటీ పగల్లేదు."

సులభ ఒక్కో పలకనూ దీపానికెత్తి చూసింది. తర్వాత ఫిలోమినా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చాల్లే అక్కా. ఆ తొక్కల సంచి ఇటు పడెయ్. మా ఆస్పత్రి తోటమాలి ఎరువు గుంతలో వేస్తాను. అది రాకపోతే వాడు నా మీద పడతాడు."

సులభ ఇవ్వబోయి ఆగింది. ముందు చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికింది. చాక్లెట్ కాగితం ఒకటి బయటికొచ్చింది.

"కుందదే ఇది" అంది కళ్లు తుడుచుకుంటూ. "రేపు దాని పని చెబుతా."